నిమ్మకాయల లెక్క

ఇనుముకి తారీఖులు తెలియవు. తగిలిన దెబ్బల్ని మాత్రం తగిలిన వరసలోనే దాచుకుంటుంది. ఆ దెబ్బల్ని పైకి చదివే యంత్రాన్ని ఎవరో ఎక్కడో తయారు చేశారు. ఆ వరసకి ఏళ్లు కట్టే ఉపాయం మాత్రం పైల వకుళది.

అనకాపల్లి దాటాక పెద్దరోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు, దాని వెనక తుక్కు యార్డు, ముందు ఎండలో వరసకట్టిన జనం. పాత పెట్రోలు బండిని అక్కడ అప్పగించి కరెంటు బండి కొనుక్కునేవాళ్లకి ప్రభుత్వం రాయితీ ఇస్తోంది. ఒకటే షరతు. అప్పగించే బండి గడిచిన ఐదేళ్లూ రోడ్డు మీద తిరిగినదై ఉండాలి. పథకం పెట్టిన మొదటి ఏడాది జనం మూలపడిన బండ్లని తుక్కుకొట్లలో తూకానికి కొనితెచ్చి, నిన్నటిదాకా దీనిమీదే తిరిగామన్నారు. దాంతో రెండో ఏడాది ఘాతలేఖిని అనే యంత్రం వచ్చింది. దాన్ని బండి అడుగున రెండుచోట్ల బిగించి చిన్న సుత్తితో తడితే, ఆ చప్పుడు ఉక్కులోకి దిగి, అది ఇన్నేళ్లూ తిన్న కుదుపులన్నిటినీ తాకి వెనక్కి వస్తుంది. తెరమీద గీతలవుతుంది. వరసలో నిలబడ్డవాళ్లు దానికి జాతకాల మిషను అని పేరు పెట్టుకున్నారు.

గీతల్లో గుంతలుండేవి, బస్తాల బరువులుండేవి. ఏది ఏ సంవత్సరానిదో ఎవరికీ తెలిసేది కాదు. ఒకరోజు ఆ మిషను మీద పనిచేసే వకుళకి తెలిసింది. ఆగి ఉన్న బండి మెల్లగా కదిలి, చక్రాలతో ఏదో మెత్తటిదాన్ని నలిపి, వెంటనే ఆగిపోయిన గుర్తు. అలాంటిది ఏడాదికి ఒక్కటే ఉంది. బండి కడిగి, బొట్టుపెట్టి, చక్రాల కింద నిమ్మకాయలుంచి ముందుకి జరిపే దసరా రోజు అది. తొలి ఏళ్ల గుర్తులు అరిగిపోతాయి కాబట్టి ఇవాళ్టినుంచి వెనక్కి లెక్కపెట్టాలి. ఐదు దసరాలు కనిపిస్తే రాయితీ వస్తుంది. నాలుగే కనిపిస్తే దరఖాస్తు వెనక్కి వెళ్తుంది. నిమ్మకాయల అలవాటు లేనివాళ్ల బండ్లు వేరే పరీక్షకి విశాఖపట్నం పోయేవి.

ఈ ఉపాయానికి పైవాళ్లు ఆమెకి శాలువా కప్పారు. వకుళ ఆ ఉద్యోగంలోకి వచ్చింది శాలువాల కోసం కాదు, రాయితీల కోసం అంతకన్నా కాదు. ఆమె భర్త త్రినాథ్ ఒక కార్తీకమాసంలో, వెలుగు రాకముందే నడకకి వెళ్లి, బైపాసు మలుపులో రోడ్డు అంచున పడి దొరికాడు. ‘గుర్తు తెలియని వాహనం’ అని పోలీసులు రాశారు. ఆ మూడు మాటలూ ఆమె తలలో చెదపురుగుల్లా పనిచేశాయి. జిల్లాలో ప్రతి పాత బండీ ఎప్పుడో ఒకరోజు ఈ షెడ్డులో బల్ల ఎక్కక తప్పదు. ఆమె అక్కడికి వచ్చింది ఎదురుచూడటానికి.

చైత్రంలో ఒక గురువారం తెల్ల వ్యాను ఒకటి బల్ల ఎక్కింది. పదకొండేళ్ల బండి. తెచ్చినవాడు సన్యాసిరావు, పెళ్లిళ్లకి వంటలు చేయించే మేస్త్రీ. యాభై దగ్గర వయసు, మోచేతులదాకా నూనె చిందిన మచ్చలు. శ్రావణంలో పెళ్లిళ్లున్నాయనీ, ఈలోగా కరెంటు వ్యాను చేతికొస్తే గుండిగలు మొయ్యడానికి పెట్రోలు బాధ తప్పుతుందనీ వరసలో అందరికీ చెప్పి, ముందువాడినీ వెనకవాడినీ నవ్విస్తూ లోపలికి వచ్చాడు. మా బండి జాతకంలో రాజయోగం ఏమైనా ఉందేమో చూడండని వకుళతో కూడా అన్నాడు.

ఆమె సుత్తితో తట్టింది. తెరమీద ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఐదు దసరాలూ పేర్చినట్టు ఉన్నాయి. రాయితీకి అక్కడితో చాలు. వకుళ ఏ బండి దగ్గరా అక్కడ ఆపదు. ఐదో దసరాకి కింద, చలి మొదలయ్యే రోజుల్లో ఉక్కు కాస్త బిగిసినచోట, ఎడమవైపు ముందుభాగాన ఒక దెబ్బ ఉంది. కోర్టులు విడిచిపెట్టిన ప్రమాదాల బండ్లని నలభైకి పైగా చదివి ఆమె ఈ విద్య నేర్చుకుంది. గేదె దెబ్బ వెడల్పుగా ఉంటుంది. కుక్కది కిందికి ఉంటుంది. మనిషిది రెండుగా ఉంటుంది, ముందు నడుము దగ్గర, క్షణం తర్వాత కాస్త పైన.

ఇది రెండుగా ఉంది.

ఐదు దసరాలకి ముందు కార్తీకం. ఆమె మళ్లీ తట్టింది. మూడోసారి తట్టింది. యార్డు మనుషులిద్దర్నీ టీకి పంపించి సన్యాసిరావుని దగ్గరికి పిలిచింది. అప్పటిదాకా మీరు అన్న మనిషి, ఇప్పుడు నువ్వు అంటున్నానని గమనించకుండానే మాట్లాడింది.

"కార్తీకమాసంలో ఈ బండితో ఒక మనిషిని గుద్దావు. ఎడమవైపు."

సన్యాసిరావు మొహమ్మీద నవ్వు అలాగే ఉండిపోయింది. దాని వెనకున్నదంతా జారిపోయింది. బల్ల కాలు పట్టుకుని మెల్లగా నేలమీద కూర్చున్నాడు.

"ఇనుముకి తెలిసిపోద్దా అమ్మా?"

"తెలిసిపోతుంది."

"తెల్లారగట్ల," అన్నాడు అతను, ఎవరో అడిగినట్టు.

"ఆగావా?"

"ఆగాను. ఒళ్లో ఎట్టుకున్నాను. నీళ్లు పోస్తే మింగుడుపడలేదు."

"తర్వాత?"

"గుర్తు తెలీని బండి అని రాయించీసారు. నాను నోరిప్పలేదు. మా పిల్లకి తెలీదమ్మా. ఏ శిక్షేసినా పడతాను, దానికి మాత్రం తెలీనియ్యకండి."

ఐదున్నరేళ్లుగా వకుళ ఊహించుకున్న మనిషి ఆగకుండా పోయినవాడు. తాగినవాడో, నిద్రమత్తులో ఉన్నవాడో, అద్దంలో వెనక్కి చూసి భయపడి పరుగెత్తినవాడో. వాణ్ణి అసహ్యించుకోవడం ఆమెకి అలవాటైపోయింది. వీడు ఆగాడట. త్రినాథ్ తలని ఒళ్లో పెట్టుకున్నాడట. తను పట్టుకోవలసిన తలని పట్టుకుని, నీళ్లు పోసి, మళ్లీ రోడ్డుమీద పెట్టేసి, లేచి, వంటకి వెళ్లాడు. ఆ రోజు ఏ పెళ్లిలోనో అందరూ తృప్తిగా తిని ఉంటారు.

వ్యానుని యార్డులో ఉంచి, దరఖాస్తు పరిశీలనలో ఉందని చీటీ రాసి అతన్ని పంపించేసింది.

ఇంట్లో ఉండేది ఇద్దరే, వకుళా ఆమె మామగారూ. కూర్మినాయుడు బెల్లం మార్కెట్లో కాటా గుమస్తాగా పనిచేసి రిటైరయ్యాడు. కొడుకు పోయాక నష్టపరిహారం కోసం మూడేళ్లు ఆఫీసులచుట్టూ తిరిగాడు. గుద్దిన బండి నెంబరు తెమ్మన్నారు. నెంబరు తెలిస్తే మీ దగ్గరికెందుకు వస్తానన్నాడు. అసలు కాయితం అడిగినచోట నకలు పనికిరాలేదు, నకలు అడిగినచోట గెజిటెడ్ సంతకం లేదన్నారు. చివరికి చెప్పులు అరిగాయి గానీ కాయితం కదల్లేదు. ఆయన తిండి అప్పటినుంచీ పిడికెడుకి తగ్గింది.

వకుళ చెప్పినదంతా ఆయన గోడ వైపు చూస్తూ విన్నాడు. ఆమె పోలీసుల మాట ఎత్తింది.

"ఒద్దు," అన్నాడు కూర్మినాయుడు. "కేసంటే ఆడికి బెయిలు, మనకి వాయిదాలు. నువ్వు కాయితం పట్టుకున్నావు కదమ్మా. తిప్పు."

"తిప్పడమా?"

"నన్ను తిప్పినట్టు తిప్పు. ఎవులు తిప్పుతున్నారో ఎందుకు తిప్పుతున్నారో ఆడికి తెలీకూడదు. నాకు తెలిసిందేటి?"

ఆ రాత్రి ఆయన రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

అలా మొదలైంది. మొదటి గురువారం ఆమె చిరునామా రుజువు పాతదంది. రెండో గురువారం ఐదేళ్ల ఇన్సూరెన్సు రసీదులు కావాలంది. మూడో గురువారం వాటి అసళ్లు. నాలుగో వారం పంచాయతీ నుంచి బకాయిలు లేవన్న పత్రం, ఐదో వారం ఆ పత్రం మీద కార్యదర్శి సంతకం సరిగ్గా పడలేదన్న మాట. ఏ కాయితం ఎక్కడ ఎన్నాళ్లు ఆగుతుందో కూర్మినాయుడికి కంఠతా వచ్చు. సాయంత్రం వకుళ గుమ్మం ఎక్కగానే వాడు వచ్చాడా అని అడిగేవాడు. వచ్చాడంటే, ఎలా ఉన్నాడు, ఏం మొహం పెట్టాడు, ఎంతసేపు నిలబెట్టావు అని వరసగా అడిగి, విని, వచ్చే వారానికి కొత్త కాయితం చెప్పేవాడు. భోజనం దగ్గర ఇద్దరి మధ్యా ఇన్ని మాటలు త్రినాథ్ ఉన్నప్పుడు కూడా లేవు.

సన్యాసిరావు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, అడిగిన కాయితం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తొమ్మిదింటికల్లా షెడ్డు ముందుండేవాడు. వ్యాను లేక గుండిగలు అద్దె ఆటోల్లో మోయిస్తున్నాడనీ, శ్రావణం పెళ్లిళ్లు రెండు చేజారిపోయాయనీ యార్డులో మనుషులు చెప్పారు. వకుళ ఆ రెండూ ఇంటికి మోసుకెళ్లింది, బజారునుంచి పళ్లు తీసుకెళ్లినట్టు. ఒకసారి అతను కాజాల పొట్లం తెచ్చాడు. ఆమె అతని కళ్లముందే యార్డు కుక్కలకి వేయించింది. అతను ఖాళీ అయిన పెట్టెని మడిచి సంచిలో పెట్టుకుని, వచ్చే వారం ఏం తేవాలమ్మా అని అడిగాడు.

తనలో ఏదో మారుతోందని ఆమెకి తెలుస్తూనే ఉంది. బుధవారం సాయంత్రం చీర ఇస్త్రీ చేసుకునేది. గురువారం పొద్దున్న ఆకలి వేసేది కాదు. అతను గుమ్మంలో కనబడగానే ఒంట్లో ఎక్కడో ఒక ముడి వదులయ్యేది. త్రినాథ్ మొహం గుర్తు తెచ్చుకోబోతే సన్యాసిరావు మొహం వచ్చేది. వీడు రావడం మానేస్తే నాకేం మిగులుతుంది అని ఒకరోజు అనుకుంది, అనుకున్నందుకు తనమీద తనకే రోత పుట్టింది. ఆ రోత కూడా అతని ఖాతాలోనే వేసింది.

ఎనిమిదో వారం కూర్మినాయుడు, "బండి ఎవుల పేరునుంది?" అని అడిగాడు.

అతని భార్య వరహాలమ్మ పేరున ఉందనీ, ఆమె లేదనీ వకుళ చెప్పింది.

"మరింకేటి. డెత్ సర్టిఫికేటు అడుగు. వారసుల సంతకమూ అడుగు. కూతురుందన్నావు కదా, దాన్ని కూడా పిలిపించు. విచారణ అని రాయి." ఆయన కంచంలో నీళ్లు పోసుకున్నాడు. "పిల్ల ముందర చదివీ ఆ రిపోర్టు. అక్కడితో అయిపోద్ది."

పిల్లకి తెలియనియ్యొద్దని వాడు అడిగిన మాట ఆయనకి చెప్పింది వకుళే.

ఆషాఢంలో విచారణ పెట్టింది. సన్యాసిరావు వెనకాల కూతురు నూకరత్నం వచ్చింది. పాలిటెక్నిక్ రెండో సంవత్సరం చదువుతోంది. తండ్రి కవరు తనే పట్టుకుంది, కుర్చీ తనే లాక్కుంది. మూడు నెలలుగా మా నాన్నకి నిద్ర లేదనీ, ఏ కాయితం తక్కువైందో ఒక్కసారే రాసివ్వమనీ, నెమ్మదిగానే అయినా కూర్చోబోతూనే అడిగేసింది. సన్యాసిరావు నిలబడే ఉన్నాడు. వకుళ సొరుగులోంచి ఘాతలేఖిని రిపోర్టు తీసి బల్లమీద పెట్టుకుంది. నిన్న సాయంత్రం ఆమె దాన్ని పైకి చదివి చూసుకుంది, గొంతు ఎక్కడ ఎలా పలకాలో కూడా. ముందు ఫైలు పూర్తి చేద్దామని, మరణ ధ్రువపత్రం ఇమ్మంది.

రత్నం ఇచ్చింది. వకుళ పేరు చూసింది, ఊరు చూసింది. కారణం దగ్గర ‘గుర్తు తెలియని వాహనం ఢీకొని’ అని ఉంది. తారీఖు చూసింది. కార్తీకమాసపు రోజులే. సంవత్సరం మాత్రం త్రినాథ్ పోయిన దానికి ఒకటి ముందుది.

మొదట ఆమెకి కోపం వచ్చింది, గుమస్తా ఎవరో తప్పు రాశాడని. ఆ తర్వాత ఆమె కళ్లు కాయితం మీదున్నాయి గానీ కనిపిస్తున్నది ఇంటి మెట్లకింద నిలబెట్టిన తన స్కూటరు. త్రినాథ్ పోయిన మరుసటి దసరా. వీధంతా బండ్లు కడుగుతున్నారు. కూర్మినాయుడు వీధి తలుపు మూసి వచ్చి కూర్చున్నాడు. ఆ ఏడాది స్కూటరుకి నీళ్లు తగల్లేదు, బొట్టు లేదు, నిమ్మకాయ లేదు. మనిషి పోయిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పండగ ఉండదు. పుట్టినప్పటినుంచీ ఎరిగిన సంగతి, తన ఇంట్లోనే జరిగిన సంగతి, లెక్క కట్టేటప్పుడు ఆమెకి తోచలేదు. ఆ ఏడాదిని ఆమె తన తలలోంచే తీసి పారేసింది, మిషనులోంచి తియ్యదా?

"అమ్మ పోయిన మరుసటి దసరాకి," అని అడిగింది, "బండికి పూజ చేశారా?"

రత్నం ఆమెవైపు వింతగా చూసింది. "అమ్మ పోయిన ఏడు కదా మేడం. పండగేటి?"

లెక్కలో ఒక దసరా తప్పిపోయింది. దాన్ని మళ్లీ వరసలో పెడితే, ఆ దెబ్బ ఒక ఏడాది కిందికి జారుతుంది. త్రినాథ్‌ని దాటి వెళ్లి, ఈ కాయితం మీదున్న తారీఖు దగ్గర ఆగుతుంది. ఈ వ్యాను గుద్దింది వరహాలమ్మని. ఒళ్లో పెట్టుకున్నది వరహాలమ్మ తల. నీళ్లు మింగనిది ఆమె. చంపిన మనిషే ఆ చావుకి మైలపట్టి నిమ్మకాయలు మానేశాడు. అవి మానేయబట్టే అతను తనకి దొరికాడు.

వకుళ తలెత్తింది. సన్యాసిరావు ఆమె మొహంలోకి చూస్తున్నాడు, వాయిదాలు వేసిన డాక్టరు చివరికి నోరు తెరవబోతుంటే చూసినట్టు.

"చదివీయండమ్మా," అన్నాడు. "తొమ్మిదిసార్లొచ్చాను. వచ్చినప్పుడల్లా ఇయ్యాల చదివీస్తారు, ఇంక నాను మొయ్యక్కర్లేదు అనుకునే వచ్చాను. వొద్దన్నది నానే. ఇప్పుడు నానే అడుగుతన్నాను."

"ఏటి నాన్నా చదివేది?" అంది రత్నం. "మేడం, ఆ రిపోర్టులో ఏముంది?"

మూడు నెలలుగా ఆమె ఇతనికి వేసిన శిక్ష ఇతనికి శిక్షే కాలేదు. మొక్కు తీర్చుకున్నట్టు తీర్చుకుంటున్నాడు. తిరిగిన కొద్దీ తేలికపడ్డాడు. వకుళకి ఒళ్లు మండింది. తన భర్తని చంపనందుకు కూడా ఇతనిమీద మండింది.

"ఆవుదూడ," అంది ఆమె. "పాత దెబ్బ ఒకటి ఉంది. దూడని గుద్దినట్టుంది. రాయితీకి దానితో సంబంధం లేదు."

రత్నం ఊపిరి వదిలింది. దూడ గురించి ఇన్నాళ్లు బెంగపెట్టుకున్నావా అని తండ్రి భుజం మీద చెయ్యి వేసి నవ్వింది. సన్యాసిరావు నవ్వలేదు. అప్పుడే చెంపమీద కొట్టించుకున్నవాడిలా వకుళని చూస్తూ ఉండిపోయాడు. ఆమె ముద్ర వేసింది, సంతకం పెట్టింది, కాయితం చేతికిచ్చింది. అతను దాన్ని రెండు చేతులా పట్టుకుని కదలకపోతే కూతురే బయటికి తీసుకెళ్లింది. దూడ అన్నది ఆ పిల్లని కాపాడటానికా, వాడికి విడుదల లేకుండా చెయ్యడానికా అని వకుళ తనని తాను ఆ మధ్యాహ్నమంతా అడుక్కుంది. రెండోదే కావచ్చని తోచింది. అలా తోచినప్పుడు పశ్చాత్తాపం రాలేదు.

సాయంత్రం కూర్మినాయుడు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. పిల్ల ఏడ్చిందా అని అడిగాడు. వకుళ చెప్పులు విప్పకుండా మొత్తం చెప్పింది, లెక్క ఎక్కడ తప్పిందో, వాడు ఎవర్ని గుద్దాడో. ఆయన వింటూ వింటూ అరుగుమీద కూర్చున్నాడు.

"మనిషిని చంపాడా లేదా?" అన్నాడు.

"మన మనిషిని కాదు మావయ్యా."

"చంపి దాచాడా లేదా? మరి ఆణ్ణి వదిలీడమేటి?" ఆయన చేతులు మోకాళ్లమీద ఆన్చుకున్నాడు. కాటామీద బరువు సరిగ్గా నిలబడకపోతే చేసినట్టు, రెండరచేతులూ కాసేపు గట్టిగా అదిమి ఉంచాడు. "సరే. మనోణ్ణి చంపినోడు కూడా ఇప్పుడు ఏ ఇంట్లోనో భోంచేస్తన్నాడు కదా. ఆడి బండీ రావాలి కదా. నీ మిషను మాత్రం ఆపకు."

ఆయన ఆ రాత్రి మళ్లీ పిడికెడే తిన్నాడు.

వకుళ పైవాళ్లకి ఉత్తరం రాసింది. ఏడాది తక్కువైందని వెనక్కి పంపిన దరఖాస్తులు రెండువందల పన్నెండు ఉన్నాయి. వాటిలో ఎన్నో చావు జరిగిన ఇళ్లవి అయ్యుండాలి. మనిషి పోయినందుకు బండికి పూజ మానేసినవాళ్లని, బండి మూలపడిందని మనం అబద్ధాలకోరుల్ని చేశాం, వాటిని మళ్లీ చూడాలి అని రాసింది. దరఖాస్తులో ఇప్పటిదాకా పదిహేడు గడులున్నాయి, పద్దెనిమిదోది చేర్చాలంది. ఇంట్లో పోయినవారి పేరు, పోయిన నెల, సంవత్సరం, బండికి పూజ జరగని దసరా. ఉత్తరంలో ఉన్నదంతా నిజమే. ఉత్తరంలో లేనిది ఒకటుంది. ఆ గడి నిండితే లెక్క ఇంక ఒక్క నెల కూడా తప్పదు, ఈసారి దొరికేవాడు తప్పించుకోలేడు.

పైవాళ్లు మెచ్చుకుని వెంటనే ఒప్పుకున్నారు. శ్రావణం చివర్లో కొత్త ఫారాలొచ్చాయి. ఎలా నింపాలో తెలియడానికి, నింపిన ఫారం ఒకటి నమూనాగా గోడకి అంటించాలని వాటితోపాటు ఆదేశం వచ్చింది. నమూనాలో పేరు ఏదో ఒకటి రాయాలి. వకుళ కలం పట్టుకుని కూర్చుంది. మొదటి పదిహేడు గడుల్లో తోచినవి రాసింది. పద్దెనిమిదో గడి దగ్గరికొచ్చేసరికి కలం ఆగలేదు. పైల త్రినాథ్. కార్తీకం. సంవత్సరం. పూజ జరగని దసరా. తన స్కూటరు గురించి ఎవరూ ఆమెని అడగలేదు. మొదటిసారి ఆమే చెప్పుకున్నట్టయింది. దాన్ని కిటికీ పక్కన గోడకి అంటించి వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

సోమవారం నలభై మంది వచ్చారు. ఆటోలవాళ్లు, పాలవాళ్లు, కూరగాయల వ్యాన్లవాళ్లు. గోడదగ్గర గుమిగూడి, ఒకరి వీపుమీద ఒకరు కాయితం పెట్టుకుని, మెడలు చాచి చూసుకుంటూ రాశారు. సాయంత్రం కట్ట ఆమె బల్లమీదికి వచ్చింది. పద్దెనిమిదో గడి ఒక్కటే చూసుకుంటూ తిప్పడం మొదలుపెట్టింది. కొందరు ఖాళీగా వదిలేశారు. ఒకామె చిన్న అక్షరాలతో అత్తగారి పేరు రాసి కొట్టేసి మళ్లీ రాసింది. తర్వాతి కాయితంలో పైల త్రినాథ్ అని ఉంది.

వకుళ వెనక్కి వాలింది. తర్వాతి దాంట్లోనూ ఉంది. గోడమీద ఉన్నది ఉన్నట్టు రాయాలేమో అనుకున్నారు. సర్కారు కాయితం, గోడమీద ఏది ఉంటే అదే సరైనది. కట్టంతా తిప్పేసరికి పదకొండు ఊళ్లకి చెందిన పదిహేడు మంది, తమ ఇంట్లో పైల త్రినాథ్ పోయాడనీ, ఆ ఏడు తమ బండికి పూజ చెయ్యలేదనీ, కింద సంతకాలు పెట్టి, ఇద్దరు వేలిముద్రలు వేసి, రాసిచ్చారు.

చింపేసి మళ్లీ రాయించాలి. ఆమె ఆ పదిహేడూ విడిగా తీసి, చింపకుండా, సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. ఆఫీసు కాయితం ఇల్లు దాటి రావడం ఆమె ఉద్యోగంలో అదే మొదలు.

కూర్మినాయుడు ఎవడైనా దొరికాడా అని అడిగాడు. ఈ మధ్య అలవాటుగా అడుగుతున్నాడు, జవాబు కోసం చూడటం లేదు.

"పదిహేడు మంది ఒప్పుకున్నారు," అంది వకుళ, కాయితాలు ఆయన ముందు పెట్టి.

ఆయన కళ్లజోడు తుడుచుకుని, దీపం దగ్గరికి జరిగి చదివాడు. ఒక్కొక్కటీ చదివి, చూపుడువేలు కొడుకు పేరుమీద ఆన్చి, పక్కన బోర్లించాడు. కొందరు పేరుకి ముందు శ్రీ అని చేర్చారు. ఒకడు పైలని పక్కకి కొట్టేసి తన ఇంటిపేరు పెట్టాడు. ఆ కాయితం దగ్గర ఎక్కువసేపు ఆగాడు.

"ఐదు తద్దినాలు నానే పెట్టాను," అన్నాడు. "తండ్రి కొడుక్కి పెట్టడం. ఈ ఏడు ఈళ్లలో ఒకణ్ణి పెట్టమను. రాసిచ్చారు కదా, మావోడేనని."

వకుళకి నవ్వొచ్చింది. దాదాపు ఆరేళ్లలో మొదటిసారి, ఆపుకోలేనంత వచ్చింది. ఆయనకీ వచ్చింది. ఇద్దరూ కాయితాల మధ్య కూర్చుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. ముందు ఆయనే ఆగాడు. బోర్లించిన కాయితాలు మళ్లీ తిరగేసి, అంచులు సరిచేసి, ఆమె చేతికిచ్చాడు. చేతికిచ్చాడు గానీ వదల్లేదు.

"పదిహేడు మందీ గోడ చూసే రాసీసారంటావా? తెలిసి రాసినోడు ఒక్కడూ లేడంటావా?" అన్నాడు.

వకుళ ఆయన మొహంలోకి చూసింది. తర్వాత కాయితాలు లాక్కుని, దీపం తనవైపు తిప్పుకుని, మొదటి దానినుంచి చేతిరాతలు చూడటం మొదలుపెట్టింది.